గంజికి లేని అంటు

మీరు ఎవరి చేతి అన్నం తినరు?

తొందరపడి అందరి చేతిదీ తింటామని చెప్పకండి. హోటల్లో ఎవరు వండారో మీరు చూడరు కాబట్టి తింటారు. ఆ లెక్క వద్దు. మీకు తెలిసిన మనిషి, మీరు పేరు పెట్టి పిలిచే మనిషి, రోజూ మీ గడప దాకా వచ్చే మనిషి తన ఇంట్లో, తన కుండలో, తన చేత్తో వండి పెడితే ఎవరిది తినరు? ఒక ముఖం ఈపాటికి మీ కళ్ళముందు కదిలే ఉంటుంది. దాన్ని అలాగే నిలుపుకుని ఇది చదవండి.

పోయిన ఆదివారం మా ఇంట్లో మనవరాలు వంట చేసింది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం, వారమంతా క్యాంటీన్ తిండి. సెలవు రోజున మాత్రం ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టుకుని ఏదో ఒక దేశం వంట మొదలుపెడుతుంది. ఈసారి తూర్పు దేశాల వంతు. డబ్బాలో వచ్చిన కొబ్బరి పాలు, నిమ్మగడ్డి, ఎండుమిరపకాయలు, పొడుగు బియ్యం. ఉల్లిపాయలు నూనెలో ఎర్రబడి, కొబ్బరి పాలు పొంగి, అందులో బియ్యం ఉడకడం మొదలయ్యేసరికి నేను వరండాలోంచి లేచి లోపలికి వచ్చాను.

"ఏమవ్వా, వాసన బాగుండాదా?" అంది.

"ఈ వాసన నాకు తెలుసు" అన్నాను.

"నీకెట్ల తెలుస్తుంది? ఇది ఈడ వంట కాదు" అని నవ్వింది.

అందరం బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. గిన్నెలు కడగడానికి వచ్చిన ఆమెకు కూడా మనవరాలు పెట్టింది. మంచి పిల్ల. కానీ పెట్టింది ఏ గిన్నెలో? పెరటి గూట్లో బోర్లించి ఉండే సొట్ట గిన్నెలో. ఆ గిన్నె ఆమెదని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ తెలుసు. ఆమె వెనక మెట్టు మీద కూర్చుని తింది, గిన్నె తనే కడిగి, మళ్ళీ గూట్లో తనే బోర్లించింది. సముద్రం అవతలి అన్నం వచ్చి మా బల్ల ఎక్కింది. పక్క వీధి మనిషి ఎక్కలేదు.

అప్పుడు నాకు ధర్మవరంలో మా ఇల్లూ, ఆ ఇంటి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యీ గుర్తుకొచ్చాయి.

మాది మగ్గాల ఇల్లు. ముందు గదిలో నేలలో తవ్విన గుంతలు, వాటి మీద మగ్గాలు. నాయన కాళ్ళు గుంతలో పెట్టుకుని కూర్చుంటే నాకు ఆయన నడుం నుంచి పైకే కనిపించేవాడు. పట్టు నూలు వాసన, రంగుల వాసన, దీపపు మసి వాసన కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. ఇవాళ ఆ వీధిలో పోతే మర మగ్గాల మోటార్ల చప్పుడే గానీ ఆ వాసన లేదు.

పట్టు నేసే ఇల్లు కదా అని మేము పట్టు తిండి తిన్నామనుకోవద్దు. పొద్దున రాగి సంగటి, రాత్రి రాగి సంగటి. దాన్లోకి చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, లేదంటే ఆకుకూర పులుసు. బువ్వ అంటే వరి అన్నం పండక్కి తినేది. కరువు ఏడాది రేషన్ అంగట్లో రంగూన్ బియ్యమని లావు బియ్యం ఇచ్చారు. ముక్కిన వాసన వస్తున్నాయని తిట్టుకుంటూనే కుండ అడుగు గీకి తిన్నాం.

పండగలు కాక మాకు బువ్వ దొరికే రోజు ఇంకొకటి ఉండేది. గంజి రోజు. కొత్త పడుగుకు, అంటే చీర నిలువు పోగులకు, బిగువు రావడానికి పలచటి గంజి పట్టించాలి. తెల్లవారుజామున పెద్ద కుండలో బియ్యం ఉడికించి గంజి వార్చి, గుడ్డలో వడకట్టేవాళ్ళు. ఎండ ఎక్కకముందే పడుగును వీధి పొడుగునా చాపి, ఆ చివర ఈ చివర మనుషులు బిగించి పట్టుకుంటే, ఇంకొకరు గంజి పట్టించుకుంటూ పోవాలి. అందుకు ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చేవాళ్ళు. పని అయ్యాక, గంజి వార్చిన ఆ కుండలోని బువ్వనే పడుగు పట్టిన చేతులన్నిటికీ పెట్టాలి. పెట్టకపోతే పోగులు తెగుతాయని నమ్మకం. వీధి అరుగు మీద వరసగా కూర్చుని, బువ్వలో పులుసు పోసుకుని తినేవాళ్ళు. పిల్లలం వాళ్ళ కాళ్ళ సందుల్లో దూరి కూర్చునేవాళ్ళం.

ఆ ఇంటికి పెద్ద మా అవ్వ, నాయన తల్లి. బక్కమనిషి, గట్టి గొంతు. ఏది తినాలో, ఎవరింట తినాలో, దేనికి అంటు ఉందో, దేనికి లేదో ఆమె చెప్పిందే శాసనం. ఎవరింటి నుంచి వచ్చినా బొరుగులకు అంటు లేదు. అటుకులకు లేదు, బెల్లానికి లేదు, పాలకు లేదు, పాలలో ఉడికినదానికి లేదు. నీళ్ళలో ఉడికిన బువ్వకు మాత్రం ఉంది.

"ఎందుకవ్వా?" అని అడిగేదాన్ని.

"నీళ్ళు చేతిని పట్టుకుంటాయే. వండినోళ్ళ చెయ్యి బువ్వలోకి వస్తాది."

"బొరుగులకూ వడ్లు నీళ్ళల్లో నానబెడతారు గదా?"

"నీకు నోరెక్కువాయె. పో, నూలు కండెలు చుట్టుపో."

ఆ నోరు నాకు నాయన నుంచి వచ్చింది. సాయంత్రం మగ్గం దిగగానే ఆయన నన్ను వెంటబెట్టుకుని బజారులోని రీడింగ్ రూంకు పోయేవాడు. అక్కడ కిరసనాయిలు దీపం కింద వాదాలు జరిగేవి. కులం మనిషి పెట్టిందా, దేవుడు పెట్టాడా? అంటరానితనానికి ఆధారమేమిటి? నాయన లేచి మాట్లాడితే బెంచీలు నిశ్శబ్దమయ్యేవి. ఎదుటివాడి మాటను వాడి మాటతోనే ఎలా పట్టుకోవాలో నేను అక్కడే నేర్చుకున్నాను. ఈ రోజుకీ నేను రాసే ప్రతి వాక్యంలో ఆ దీపం మసి ఉంది.

అట్లాంటి ఇంటికి రంగూన్ నుంచి చిన్నాయన వచ్చాడు. నాయన తమ్ముడు. నేను పుట్టకముందే, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని బతుకంతా కూర్చోలేనని అవ్వతో గొడవపడి మద్రాసు పోయి ఓడెక్కిన మనిషి. అక్కడ బియ్యం మిల్లులో పనిచేశాడు. ఆ దేశంలో కొత్త ప్రభుత్వం వచ్చి మిల్లులూ అంగళ్ళూ తీసేసుకుని బయటివాళ్ళను పొమ్మంది. ఒక ట్రంకు పెట్టె, పక్కన భార్య. అంతే ఆయన తెచ్చుకున్నది.

అవ్వ కొడుకును పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఆమెను చూసింది. పసుపు ఛాయ, చిన్న కళ్ళు, జడలో పువ్వు.

"నీదేం కులమమ్మా?"

"మా నాన్నది కాకినాడ వైపండి. రేవులో కూలికి వెళ్ళాడు. అమ్మది అక్కడేనండి."

"కులం అడిగితే ఊరు చెప్తాండాదే" అంది అవ్వ, ఎవరితోనో అన్నట్టు.

చిన్నమ్మకు పెరట్లో రంగులు పెట్టుకునే కొట్టం ఇచ్చారు. దాని ముందర మూడు రాళ్ళ పొయ్యి. అవ్వ దుర్మార్గురాలు కాదు. పొద్దున్నే తన చేత్తో వేడి సంగటి ముద్ద కొట్టానికి పంపేది. జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చేది. వంటింటి నుంచి కొట్టానికి ఏదైనా పోవచ్చు. కొట్టం నుంచి వంటింటికి మాత్రం ఏదీ రాకూడదు. మా వైపు, కోడలు వండింది అత్త తింటేనే ఆ కోడలు ఇంటిమనిషి అయినట్టు. అప్పటిదాకా చుట్టం కిందే లెక్క.

వచ్చిన వారానికే చిన్నాయన చెప్పేశాడు. "మా, ఒక ఇంట్లో రెండు పొయ్యిలుంటే నేను నిలవను. దసరా దాకా చూస్తా. అప్పటికీ ఆమె చేతిది నువ్వు తినకపోతే ఇంగ మా దారి మాది."

ఆ రోజు నుంచి అవ్వ కళ్ళు కొడుకు వెనకే తిరిగేవి, తాడు తెంచుకునే దూడను చూసినట్టు.

నాకు మాత్రం కొట్టం దగ్గర పండగగా ఉండేది. పట్టు నూలుకు హిందూపురం పోయినప్పుడల్లా చిన్నాయన సంతలో కన్నడ దేశపు టెంకాయలు తెచ్చేవాడు. చిన్నమ్మ కోరి, పిండి, పాలు తీసేది. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, ఆ పాలు పోసి, బియ్యం వేసి మూత పెట్టేది. చుక్క నీళ్ళు పోసేది కాదు. పొయ్యి నేరుగా నా నోట్లోకే పొగ ఊదినట్టుండేది ఆ వాసన.

"దీన్ని మీ ఊర్లో ఏమంటారు చిన్నమ్మా?"

"ఒన్ టమీన్. ఒన్ అంటే కొబ్బరి, టమీన్ అంటే అన్నం. అక్కడ పలకరింపే అన్నం తిన్నావా అని."

"మా ఊర్లో యాడికి పోతాండావు అంటారు."

"అదే తేడా తల్లీ. వెళ్ళేవాళ్ళను అడుగుతారు మీరు, ఉండేవాళ్ళను కాదు" అని నవ్వేది.

ఒకరోజు అమ్మ చెక్క ఒత్తుతో ఒత్తిన, సేమ్యాలాంటి బియ్యపు శావిగలు నేను గిన్నెడు దొంగిలించి కొట్టానికి తీసుకుపోయాను. మేము వాటిలో బెల్లం పాలు పోసుకుని తింటాం. చిన్నమ్మ వాటి మీద టెంకాయ పాలలో శనగపిండి కలిపి కాచిన పులుసు పోసి, పైన వేయించిన ఉల్లిపాయ, కారం, నిమ్మరసం పిండింది. "మా అమ్మ వండే కౌసే ఇదే. మీ ఇంట్లోనే ఉంది సగం" అంది. నేను తింటూ ఉండగా ఆమె నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. తను వండింది ఇంకొకరు తినడం చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకు.

ఇంకోసారి ఆమె ట్రంకులోంచి నాపి డబ్బా తీసింది. పులియబెట్టిన చేపల ముద్ద. మూత తీయగానే వాసన అరుగు దాకా పోయింది.

"ఏం సచ్చిందే పెరట్లో?" అని అవ్వ అరిచింది.

"ఏమీ సావలేదవ్వా, చిన్నమ్మ డబ్బా తెరిచింది."

"మూయమను. లేదంటే మనమే సస్తాము."

చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అవ్వ కూడా అటు తిరిగి నవ్వడం నేను చూశాను. ఒకరి నవ్వు ఒకరికి కనిపించకుండా జాగ్రత్తపడ్డారు.

ఆ ట్రంకులోనే ఎర్ర గుడ్డ సంచి ఒకటుండేది. దాన్లో నల్ల నేరేడు రంగు బియ్యం. జిగురు బియ్యమట. రాత్రి నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, నువ్వులూ ఉప్పూ కోరిన టెంకాయా చల్లి పెడతారట. "బయల్దేరేటప్పుడు మా అమ్మ ఇచ్చింది. అత్తగారు నీ చేతి అన్నం తిన్న రోజున ఇది వండి పెట్టమంది" అని చెప్పి మళ్ళీ ముడివేసింది. వాళ్ళమ్మ ఆ దేశంలోనే ఉండిపోయింది.

దసరా దగ్గరపడుతోంది. నాకు రీడింగ్ రూం విద్య పనికొచ్చే సమయం వచ్చిందనిపించింది. అవ్వ రాగులు చెరుగుతుంటే పక్కన చేరాను.

"అవ్వా, పాలల్లో ఉడికిందానికి అంటు లేదంటివి గదా?"

"లేదు."

"చిన్నమ్మ నీళ్ళే పోయదు. టెంకాయ పాలల్లో ఉడికిస్తాది."

చేట ఆగింది. "టెంకాయ ఏమన్నా బర్రెనా?"

"పాలంటే పాలే గదా. తెల్లగుంటాయి."

"సున్నమూ తెల్లగుంటాది. తాగుపో."

కానీ చేట మళ్ళీ కదలడానికి చాలాసేపు పట్టింది. ఈ సంగతి నాయనకు చెబితే ఎగిరి గంతేశాడు. "శాస్త్రాన్ని శాస్త్రంతోనే పట్టుకున్నావు" అని మెచ్చుకుని, రీడింగ్ రూంలో అందరికీ చెప్పి చప్పట్లు కొట్టించాడు. వాళ్ళలో ఒక్కరూ మా పెరట్లోకి వచ్చి ఆ అన్నం తినలేదు. నాయన కూడా.

ఆ రోజుల్లోనే అమ్మవారి గుడికి దసరా చీర నేసే పని మా ఇంటికొచ్చింది. పడుగు సిద్ధమైంది. అంతలో పెనుకొండలో మా అమ్మమ్మకు బాగాలేదని కబురొస్తే అమ్మ రైలెక్కింది. మరునాటికి అవ్వకు చలిజ్వరం. ఆకాశంలో మబ్బులు. వాన పడితే పడుగు చాపడానికి ఇంకెన్ని రోజులు పడుతుందో తెలియదు.

తెల్లవారుజామున నాయన మంచం దగ్గర నిలబడ్డాడు. "గంజి ఎవరు కాయాల్నమ్మా?"

అవ్వ దుప్పటిలోంచే అంది. "ఆమెను కాయమను. గంజి కూడు కాదులే."

చిన్నమ్మ తలస్నానం చేసి వచ్చింది. మా వంటింటి పొయ్యి మీద, మా పెద్ద కుండలో, మా బావి నీళ్ళతో బియ్యం ఉడికించింది. ఆమె ఆ గడప దాటి లోపలికి రావడం అదే మొదలు. గంజి వార్చి, గుడ్డలో వడకట్టి ఇస్తే, వీధిలో పడుగుకు పట్టించారు. ఇరుగుపొరుగు వాళ్ళు బిగించి పట్టుకున్నారు. చిన్నాయన ఒక చివర, నాయన ఒక చివర. అవ్వ మంచం అరుగు మీద వేయించుకుని దుప్పటి కప్పుకుని చూసింది. వాన రాలేదు. గంజి బాగా పట్టింది. వేలితో మీటితే పడుగు తంబూరా తీగలా పలికింది. "మంచి గంజి" అంది అవ్వ. అత్త కోడల్ని మెచ్చుకోవడం కూడా అదే మొదలు.

తర్వాత అందరూ చేతులు కడుక్కుని, ఆకులు వేసుకుని అరుగు మీద వరసగా కూర్చున్నారు. చిన్నమ్మ బువ్వ కుండ తెచ్చి వరస ముందర పెట్టింది. ఎవరూ ఆకు మీద నీళ్ళు చల్లుకోలేదు. అందరూ అవ్వ వైపు చూశారు.

అవ్వకు అప్పుడు తెలిసింది తను ఏం చేసిందో. ఆ కుండలోని బువ్వ పెట్టకపోతే అమ్మవారి చీర పోగులు తెగుతాయి. పెడితే అంటు. ఆమె నమ్మకాలు రెండూ ఒకే కుండ దగ్గరికొచ్చి ఎదురుబొదురుగా నిలబడ్డాయి.

నేనే అడిగాను. వీధంతా వినేట్టు.

"అవ్వా, గంజి ఈ కుండదే, బువ్వ ఈ కుండదే. గంజి అమ్మవారి చీరకు పట్టిస్తిమి. ఆ గంజికి లేని అంటు బువ్వకు యట్ల వస్తాది?"

ఎవరూ నన్ను కసరలేదు. అవ్వ కుండనే చూసి, దారి దొరికినట్టు తలెత్తింది.

"ఇట్ల చేయి. టెంకాయలుండాయి గదా. ఆ పాలల్లో ఇంగో కుండ పెట్టు. పాలల్లో ఉడికిందానికి అంటు లేదు. అందరమూ తింటాము. నేనూ తింటా."

నా వాదం గెలిచింది. నాయన నా వైపు చూసి కళ్ళెగరేశాడు. చిన్నాయన కూడా భార్య వైపు ఆశగా చూశాడు.

చిన్నమ్మ కుండ పక్కనే నిలబడి ఉంది. "కాయలు ఉన్నాయి అత్తయ్యా. పాలు తీయడం ఎంతసేపండి. కానీ అప్పుడు అంటు లేనిది పాలకండి, నాకు కాదు. పాలు దొరకని రోజున నేను మళ్ళీ ఆ కొట్టంలోకి పోవాలి. ఈ కుండలోది తినండి. లేదంటే వద్దండి."

అవ్వ పెద్దకొడుకు వైపు తిరిగింది.

"ఏమప్పా, రీడింగ్ రూంలో దినామూ చెప్తావంట గదా. ఈడ చెప్పు. ఏం చేయమంటావు?"

నాయన ఒక్కమాట అనుంటే చాలు. నేను ఆయన పెదవుల వైపే చూశాను. బెంచీలను నిశ్శబ్దం చేసిన ఆ గొంతు అడుగున ఏం దొరికిందంటే, "నీ ఇష్టంమా, నాదేముంది" అన్న మాట.

అవ్వ నిట్టూర్చింది. ఆమె చిన్నమ్మతో అన్న మాట నేనెన్నడూ మరిచిపోలేదు. "ఆ పాప అడిగింది సరిగానే ఉండాది. నాకూ తెలుస్తాండాది. కానీ గొంతు దిగదే తల్లీ. నేనేం చేసేది?"

ఆ క్షణంలో అబద్ధం ఆడనిది ఆమె ఒక్కతే. నమ్మినదాన్ని వదల్లేక ఓడిపోయిన మనిషిని నేను క్షమించగలను. నమ్మనిదాన్ని కూడా వదల్లేని వాళ్ళను ఏమనాలో ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు తెలియదు. పొరుగువాళ్ళు ఒక్కొక్కరే లేచి పోయారు. ఆ ఖాళీ వరసలో చిన్నాయన, చిన్నమ్మ, నేను కూర్చుని ఆ బువ్వ తిన్నాం. ఆ సాయంత్రం అవ్వ చెప్పిందని, అంటు పోవాలని, నన్ను బావి దగ్గర కూర్చోబెట్టి తల మీద నీళ్ళు గుమ్మరించారు.

రెండు రోజులకు వాళ్ళు హిందూపురం వెళ్ళిపోయారు. పోయేముందు చిన్నమ్మ ఎర్ర గుడ్డ సంచి అవ్వ మంచం మీద పెట్టింది. "మీకు గొంతు దిగిన రోజున వండుకోండత్తయ్యా." అవ్వ దాన్ని తీసి తన పెట్టెలో పెట్టుకుంది.

పోగులేమీ తెగలేదు. మామూలుగా తెగేవే తెగాయి, నాయన ముడివేశాడు. దసరాకు అమ్మవారు ఆ చీర కట్టుకుంది. ఆమెకు ఏ అభ్యంతరమూ లేకపోయింది.

హిందూపురం మాకు దూరమేమీ కాదు. రైలెక్కితే పెనుకొండ కొండ కనుమరుగైన కాసేపటికి వచ్చేస్తుంది. నూలుకు పోతూ నాయన ఒకసారి నన్ను తీసుకుపోయాడు. చిన్నాయన మండీలో బస్తాలు తూకం వేసే పనిలో చేరాడు. ఒక్క గది ఇల్లు. చిన్నమ్మ మామూలు అన్నం, చెరువు చేపల పులుసు పెట్టింది. నాయన తలుపు దగ్గరగా వేయించి, రెండుసార్లు అడిగి వడ్డించుకుని తిన్నాడు.

"బావగారు రైలెక్కితే కులం దిగిపోతుందండి" అంది చిన్నమ్మ. నాయన నవ్వాడు, తల ఎత్తకుండా.

"అత్తయ్య ఆ బియ్యం ఏం చేశారు?" అని నన్నడిగింది.

"పెట్టెలో పెట్టింది."

"పెట్టెలో పెట్టకూడదు తల్లీ. పురుగు పడుతుంది."

స్టేషన్లో నాయన కొళాయి దగ్గర నోరు పుక్కిలించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అవ్వతో చెప్పొద్దే" అన్నాడు. ఆ తర్వాత ఆయన రమ్మన్నా నేను రీడింగ్ రూంకు పోలేదు.

కొంతకాలానికి, రంగూన్ నుంచి వచ్చినవాళ్ళకు కోస్తాలో ఇళ్ళ స్థలాలు ఇస్తున్నారని చిన్నాయన బయల్దేరాడు. ఆ రైలు ధర్మవరంలో నీళ్ళు పట్టుకోవడానికి ఆగుతుంది. కబురు తెలిసి అవ్వ నా చెయ్యి పట్టుకుని స్టేషనుకు నడిచింది. పాత గుడ్డలో బొరుగులు మూటగట్టుకుంది. కొడుకు కిందికి దిగి కాళ్ళకు మొక్కాడు. అవ్వ కిటికీ దగ్గరికి పోయి మూట చిన్నమ్మకు అందించింది.

చిన్నమ్మ అక్కడికక్కడే విప్పి గుప్పెడు నోట్లో వేసుకుంది. "మీ చేతిది ఏదైనా తింటానండి" అంది. దెప్పినట్టు లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి.

రైలు కూత వేసింది.

ఇంటికొచ్చి అవ్వ కాళ్ళు కూడా కడుక్కోకుండా పెట్టె తెరిచింది. సంచి విప్పితే నేరేడు రంగు పొడి. పురుగు పట్టి బియ్యం బియ్యంగా లేదు. అవ్వ చేట తెచ్చుకుని వాకిట్లో కూర్చుంది. చెరిగింది, ఏరింది, మళ్ళీ చెరిగింది. పొద్దు వాలేదాకా ఏరితే చారెడు గింజలు మిగిలాయి.

"ఆమె యట్ల చేస్తాదో చెప్పు" అంది.

నానడానికి ఓపిక పట్టలేదు. నేను చెప్పినట్టు ఆవిరి మీద ఉడికించింది. నువ్వులు, ఉప్పు, టెంకాయ కోరు. గింజలు సగం పలుకుగానే ఉన్నాయి. అవ్వ ఆ మూడు రాళ్ళ పొయ్యి పక్కనే కూర్చుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. మింగింది.

"దిగిందే" అంది.

చిన్నమ్మ వండింది కాదు. చిన్నమ్మ చూడనూ లేదు. ఆ వేళకు వాళ్ళ రైలు గుంతకల్లు దాటిపోయి ఉంటుంది. దిగిందన్న మాట చేరవేయడానికి వాళ్ళెక్కడ ఉంటారో కూడా మాకు తెలియదు. అవ్వ పోయినప్పుడు, ఎవరి నోటో విని చిన్నాయన ఒక్కడే వచ్చాడు. ఆ ముద్ద సంగతి నేను చెబితే విని, కొట్టం వైపు చూసి, "చెప్తాలే ఆమెకు" అన్నాడు. చెప్పాడో లేదో తెలియదు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. గంజి రోజులూ లేవు, వీధిలో పడుగు చాపడమూ లేదు. పోయినవాటిలో చాలావాటికి నేను విచారించను. పోవాల్సిన అంటు మాత్రం పోకుండా, గుంత మగ్గం దిగి, పెరటి గూటిలో సొట్ట గిన్నె కింద దాక్కుంది.

మొన్న నేను మా గిన్నెలు కడిగే ఆమె ఇంటికి పోయి, "నాకు బువ్వ పెడతావా?" అని అడిగాను. తెల్లబోయింది. "మాది మామూలు బువ్వ పెద్దమ్మా, మీరు తినలేరు" అంది. తిన్నాను. చింతపండు పులుసులో ఉప్పు కొంచెం ఎక్కువైంది, అంతే. ఇంటికొచ్చి ఆ గిన్నెను మా గిన్నెల్లో కలిపేశాను. ఇప్పుడు అది ఎవరి చేతికి దొరికితే వాళ్ళది.

మీరు మొదట్లో నిలుపుకున్న ఆ ముఖం ఇంకా ఉందా? అయితే వాదం చాలు, లేవండి. మీ ఇంట్లో వేరేగా పెట్టిన గ్లాసు ఎక్కడుందో మీకు తెలుసు, తీసి మీ గ్లాసుల్లో కలపండి. తర్వాత చెప్పులు వేసుకుని ఆ మనిషి ఇంటికి నడవండి. పాలల్లో వండింది వద్దు, పండ్లు వద్దు, టీ వద్దు. నీళ్ళలో ఉడికిన అన్నం అడగండి. ఆమె చూస్తుండగా తినండి. రేపని పెట్టెలో దాచకండి.